మోకాళ్లు అరగకుండా ఏఐ పరిచర్య

కృత్రిమ మేధ వచ్చేసింది. దాన్ని క్రైస్తవులు దగ్గరుండి తీర్చిదిద్దాలని మొన్నీమధ్య ఒక సదస్సులో పెద్దలు చెప్పగా విన్నాను. విన్నవాళ్లలో సగం మంది భయపడ్డారు, మిగతా సగం భోజనాల క్యూలో నిలబడ్డారు. ఈ చిట్కాలు రెండు సగాలకీ పనికొస్తాయి. ముప్ఫై ఏళ్లుగా నేను సంఘ కమిటీలో ఉన్నాను. ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్క కుర్చీ కూడా మోయలేదు. కనుక నా మాట నమ్మొచ్చు.

1. ముందు భయపెట్టండి. బార్‌కోడ్ వచ్చినప్పుడు 666 అన్నాం. ఆధార్ వచ్చినప్పుడూ అన్నాం. కోవిడ్ టీకా వచ్చినప్పుడు సూదిలో చిప్పు ఉందన్నాం, తర్వాత పక్కూరి సెంటర్లో చప్పుడు కాకుండా రెండు డోసులూ వేయించుకున్నాం. ఇప్పుడు ఏఐ వంతు. మూడు రాత్రులు అంత్యదిన హెచ్చరిక సభలు పెట్టండి. ఫ్లెక్సీ మీద ఎర్రకళ్ల రోబో, దాని నుదుటి మీద మూడు ఆర్లు, కింద మూలన కోటు వేసుకున్న అయ్యగారు. ఆ రోబో బొమ్మని ఏఐ చేతే గీయించండి, డిజైనర్ కుర్రాడికి ఇవ్వాల్సిన ఎనిమిది వందలు మిగులుతాయి.

భయంలో ఇంకో సుఖం ఉంది. భయపడ్డవాడు స్తోత్రం అంటాడు గానీ ప్రశ్న అడగడు. ఉద్యోగాల దరఖాస్తులు వడబోసేది యంత్రమైతే మా అబ్బాయి పేరు ఎందుకు రాలిపోయింది, అప్పు ఇవ్వొద్దని యంత్రం చెబితే ఎవరి దగ్గర మొత్తుకోవాలి లాంటివి అడగనివ్వకండి. వాటికి చదువుకుని జవాబు చెప్పాలి. మృగానికి కొమ్ములెన్ని అని అడగనివ్వండి. పది.

2. ప్రకటన మీద సంతకం పెట్టండి, ప్రకటన చదవకండి. ఈ విషయంలో పెద్ద సంఘాలు మనకి బోలెడు సామగ్రి ఇచ్చాయి. 2019 ఏప్రిల్‌లో అమెరికాలో సదరన్ బాప్టిస్టుల నైతిక వ్యవహారాల విభాగం ఏఐ మీద 12 అంశాల ప్రకటన తెచ్చింది. 2020 ఫిబ్రవరి 28న రోములో వాటికన్ వాళ్లు ఏఐ నైతికత మీద ఒక పిలుపు రాస్తే మైక్రోసాఫ్ట్, ఐబీఎం కూడా సంతకం పెట్టాయి. 2025 జనవరిలో వాటికన్ మళ్లీ ‘అంతిక్వా ఎత్ నోవా’ అని 117 పేరాల పత్రం విడుదల చేసింది. వీటన్నిటికీ ఒకటే దోషం: చదివితే పని పడుతుంది. యంత్రం చేసిన దానికి మనిషే జవాబు చెప్పాలంటాయి, బీదవాడికి అన్యాయం జరుగుతోందేమో చూడమంటాయి. అందుకని 117 పేరాలనీ యంత్రానికిచ్చి మూడు లైన్లు చేయమనండి. ఆ మూడు లైన్లనీ వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేయండి. కింద నలభై దణ్ణం బొమ్మలు పడతాయి. క్రైస్తవ సమాజం స్పందించినట్టే.

పోప్ 14వ లియోతో మాత్రం కాస్త జాగ్రత్త. 2025 మే 8న ఎన్నికయ్యారు, రెండు రోజులు తిరక్కుండానే ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో కార్డినళ్లకి చెప్పేశారు. 13వ లియో 1891లో, ఫ్యాక్టరీల కాలంలో, కార్మికుల గురించి ఒక లేఖ రాశారట. ఇప్పుడు ఏఐ తెస్తున్న మార్పుల్లో మనిషి మర్యాద, న్యాయం, శ్రమ కాపాడటానికి ఆ బోధ అవసరమట. మనం ప్రొటెస్టెంట్లమని చెప్పి దీన్నుంచి తప్పించుకోండి. శ్రమ అనే మాట చర్చిలో ఒకసారి లేచిందంటే చివరికి మన వాచ్‌మన్ జీతం దగ్గరికొచ్చి ఆగుతుంది.

ఎవరైనా మరీ పట్టుబడితే సబ్‌కమిటీ వేయండి. లూకా సువార్తలో ధర్మశాస్త్రోపదేశకుడు పొరుగువాడంటే ఎవరో ముందు తేల్చమన్నాడు చూశారూ, మన సబ్‌కమిటీలకి మూలపురుషుడు ఆయనే. ఏఐ అంటే ఏమిటో తేల్చడానికి ఆరు నెలలు, టీ, సమోసా.

3. ప్రసంగం శనివారం రాత్రి పదకొండుకి మొదలుపెట్టి పదకొండూ పదికి ముగించండి. తెలుగు సంఘానికి నలభై నిమిషాల వాక్యం, మూడు పాయింట్లు, మూడూ ‘ప’తో మొదలవ్వాలి, మధ్యలో ఒక కన్నీటి కథ అని యంత్రంతో చెప్పండి. ఇచ్చేస్తుంది. మా అయ్యగారికి ఇచ్చిన కథలో ఒక కుర్రాడు మంచు తుఫానులో తప్పిపోయి మేపుల్ చెట్టు కింద ప్రార్థన చేస్తాడు. ఆ ఆదివారం మే నెల మూడో వారం, కరెంటు లేదు, జనం పాటల పుస్తకాలతో విసురుకుంటున్నారు. మంచు అనే మాట వచ్చినప్పుడల్లా ఆమెన్ గట్టిగా వినిపించింది. దాన్ని అభిషేకం కింద జమ కట్టుకోండి.

ఇబ్బంది వచ్చేది రిఫరెన్సుల దగ్గర. యంత్రానికి వచనం తెలియకపోతే తెలియదని ఒప్పుకోదు, తయారు చేస్తుంది. ఆ రోజు అయ్యగారు హబక్కూకు అయిదో అధ్యాయం ఏడో వచనం తీయమన్నారు. జనమంతా తీసినట్టు నటించారు, అది మన సంప్రదాయం. ముందు వరుసలో కూర్చునే మామ్మగారు ఒక్కరే నిజంగా తీశారు. కళ్లజోడు పైటచెంగుతో తుడుచుకుని, వేలు తడి చేసుకుని, ఒక్కో పుట తిప్పారు. హబక్కూకు మూడో అధ్యాయంతో అయిపోయింది. జెఫన్యా వచ్చింది. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకి. పుటలు రెండు అతుక్కున్నాయేమోనని గోటితో విడదీసి చూశారు. చివరికి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని అయ్యగారి వంకే చూస్తూ కూర్చున్నారు, మిగిలిన ముప్ఫై నిమిషాలూ.

ఆరాధనయ్యాక గుమ్మం దగ్గర నెమ్మదిగా అడిగారు. “అయ్యగారూ, నా బైబిల్లో పేజీలు ఊడిపోయాయా?”

ఇలాంటప్పుడు తడబడొద్దు. “అది మూల భాషలో ఉందమ్మా” అనండి.

జర్మనీ వాళ్లు మనకంటే ముందున్నారు. 2023 జూన్‌లో ఫ్యూర్త్ పట్టణంలో సెయింట్ పాల్ చర్చిలో ఆరాధన దాదాపు మొత్తం చాట్‌జీపీటీ చేతే నడిపించారు. నలభై నిమిషాలు, తెర మీద బొమ్మ మనుషులు, వినడానికి మూడొందల మందికి పైగా జనం. ఏర్పాటు చేసిన యువ వేదాంత పండితుడు జొనాస్ సిమ్మర్లైన్ అందులో నూటికి 98 పాళ్లు యంత్రానిదేనని దాచకుండా చెప్పాడు. తెర మీది బొమ్మ మొహంలో ఏ భావమూ లేకుండా మాట్లాడుతుంటే కొంతమంది నవ్వారు, ఇందులో మనసు లేదని కొంతమంది పెదవి విరిచారు. ఆ కుర్రాడు చేసిన పొరపాటు ఒక్కటే, ముందే చెప్పడం. మీరు ఎప్పుడూ చెప్పకండి. రాత్రంతా మోకాళ్ల మీద ఉండి తెచ్చిన వర్తమానం అనండి. ఫోను మోకాళ్ల మీదే పెట్టుకున్నారు కదా, అబద్ధమేం కాదు.

4. పట్టుబడితే అహరోనుని తలుచుకోండి. బంగారు దూడ ఎవరు చేశారయ్యా అని మోషే నిలదీస్తే, జనం బంగారం ఇచ్చారు, నేను నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నట్టు చెప్పాడాయన. పోత పోసిన చేతులూ, చెక్కిన ఉలీ ఆ జవాబులో ఎక్కడా కనబడవు. నేను ప్రాంప్ట్ వేశాను, ఇది బయటికొచ్చింది. ఈ ఒక్క వాక్యం బట్టీ పట్టండి. ఇంతకంటే పాత సాకు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గరా దొరకదు. అహరోను తర్వాత ప్రధాన యాజకుడయ్యాడు కూడా.

5. తెలుగుని యంత్రానికే వదిలేయండి. దానికి తెలుగు అంతంతమాత్రంగా వచ్చు, మన యూత్‌కీ అంతే, కనుక గొడవుండదు. ఒక క్యాథలిక్ మిత్రుడు వాళ్ల పండగ కరపత్రం ఇంగ్లిషులో రాసుకుని యంత్రంతో తెలుగు చేయించాడు. ఆదివారం ఉదయం ఏడు గంటలకి ద్రవ్యరాశి, తదుపరి అల్పాహారం అని అచ్చయింది. దివ్యబలిపూజకి ఇంగ్లిషులో మాస్ అంటారు, ఫిజిక్సులోనూ మాసే. వెయ్యి కాపీలు పంచారు. అల్పాహారానికి అందరూ వచ్చారు.

తెలుగు కోసం శ్రమపడ్డవాళ్ల గతి ఏమైందో చూడండి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అని ఇద్దరు మిషనరీలు విశాఖపట్నంలో దిగి భాష నేర్చుకుని సువార్తలు తెలుగు చేయడానికి కూర్చున్నారు. 1810 దాటకుండానే ఇద్దరూ పోయారు. 1812 మార్చిలో శ్రీరాంపూర్ అచ్చుకూటం తగలబడితే తెలుగు అచ్చు అక్షరాలూ, విలియం కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతీ కాలిపోయాయి. ఆయన మళ్లీ మొదటినుంచి రాశాడు, 1814లో అచ్చేశాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. సేవ్ బటన్ లేని కాలం, పాపం. మనం అంత అమాయకులం కాము.

ఇంకో సంగతి చెప్తాను, బయటికి పొక్కనివ్వకండి. 2023 మేలో మెటా కంపెనీ 1,100కి పైగా భాషల్లో మాటని గుర్తుపట్టే యంత్రాలు తయారుచేసింది. అన్ని భాషల్లో మనిషి గొంతు, దానికి సరిపడా రాత ఎక్కడ దొరికాయి? కొత్త నిబంధన చదివి పెట్టిన రికార్డింగుల్లో. భాషకి సగటున 32 గంటలు. ఎవరో ఎక్కడో కొండల్లో కూర్చుని, ముసలివాళ్ల చేత అక్షరం అక్షరం చదివించి, కోడి కూసినప్పుడు ఆపి, మళ్లీ చదివించిన గంటలవి. అంటే క్రైస్తవులు ఏఐని తీర్చిదిద్దడం ఎప్పుడో మొదలైపోయింది, మనకి కబురు అందలేదంతే.

ఈ కబురు విని మన యూత్‌లో ఎవరైనా పాడేరు వెళ్తాం, భద్రాచలం వెళ్తాం, కువి, కోయ మాటలు అక్కడివాళ్లని అడిగి వాళ్ల ఇష్టప్రకారం రికార్డు చేస్తాం అంటే వెంటనే చల్లార్చండి. బస్సు చార్జీలు ఎవరిస్తారని అడగండి, చాలు. ఆ డబ్బుతో ఏసీ హాల్లో ‘ఏఐ యుగంలో సువార్త’ సదస్సు పెట్టండి. బ్యాగు, పెన్ను, బిర్యానీ.

6. ప్రార్థన మనవుల చీటీలు మొత్తం ఫోటో తీసి ఉచిత యాప్‌లో పడేయండి. ఏటా ఉపవాస ప్రార్థనలప్పుడు పెట్టెలో రెండొందల చీటీలు పడతాయి. భర్త తాగుడు, కూతురి విడాకుల కేసు, ఎవరికీ చెప్పని రక్తపరీక్ష, మైక్రోఫైనాన్స్ వాయిదా. వెనకటికి అయ్యగారు ఒక్కో చీటీ విప్పి, చదివి, మడిచి, కన్ను మూసేవారు. రాత్రి రెండయ్యేది. ఇప్పుడు పేర్లతో సహా ఎక్కించి, తరగతుల వారీగా పట్టిక వేయమంటే నిమిషం. ఆ పట్టికని ప్రొజెక్టర్ మీద పెట్టేస్తే అందరూ ఐక్యంగా ప్రార్థిస్తారు. ఎవరి కూతురు, ఏ కోర్టు అన్నది కూడా ఐక్యంగా తెలుస్తుంది.

మనుషుల వ్యక్తిగత వివరాల రక్షణకి 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని పేరు గుర్తుపెట్టుకోకండి. తెలిసి చేస్తే తప్పు, తెలియక చేస్తే పరిచర్య.

7. రోగుల్ని యంత్రంతో పరామర్శించండి. అయ్యగారి గొంతు రెండు నిమిషాలు రికార్డు చేసి యంత్రానికి ఇస్తే చాలు, అదే గొంతుతో ఎన్ని ప్రార్థనలైనా చేస్తుంది. రోగి పేరు, జబ్బు పేరు ఖాళీల్లో పూరించి పంపడమే. ఒక్కోసారి ఖాళీలు తారుమారవుతాయి. మా సంఘంలో తుంటి విరిగిన తాతగారికి సుఖప్రసవం కావాలని ప్రార్థన వెళ్లింది. తాతగారి కొడుకు ఫోన్ చేస్తే నాలుగో చిట్కా వాడుకున్నాం.

మరీ ముందుకెళ్లి యంత్రానికి అంగీ తొడగకండి. 2024 ఏప్రిల్‌లో అమెరికాలో క్యాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ఫాదర్ జస్టిన్ అనే ఏఐ గురువుని దింపింది. నల్ల అంగీ, తెల్ల కాలర్, వెనక ఇటలీ కొండలు. నేను నిజమైన గురువునే, అసిసీలో ఉంటాను అని చెప్పాడు. పాపసంకీర్తనం విని క్షమాపణ కూడా ఇచ్చేశాడు. నీళ్ల బదులు గేటరేడ్‌తో పసిబిడ్డకి బాప్తిస్మం ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చన్నాడు. మన దగ్గరైతే థమ్సప్ అనుకోండి. కొద్ది రోజుల్లోనే కాలర్ ఊడదీసి, ఉత్త జస్టిన్ని చేసి కూర్చోబెట్టారు. చూశారా, పదవి పోయింది. మనం పదవి మనిషి దగ్గరే ఉంచి, పని మాత్రం యంత్రానికి అప్పగిస్తాం.

8. బొమ్మలు ధారాళంగా వాడండి. పోప్ ఫ్రాన్సిస్ తెల్లటి బొద్దు జాకెట్ వేసుకున్న ఫోటో 2023 మార్చిలో ప్రపంచమంతా తిరిగింది, చాలామంది నిజమనుకున్నారు, అది ఏఐ గీసింది. ఇంత మంచి పరికరాన్ని అన్యులకి వదిలేస్తామా? మన సభకి నలభై మంది వస్తే నలభై వేలు చేయండి. ముందు వరుసలో ఒకావిడ చేతికి ఆరు వేళ్లు వస్తే కంగారు పడకండి. రెండు చేతులకీ ఆరేసి వేళ్లున్న మనిషి గాతులో ఉన్నట్టు సమూయేలు రెండో గ్రంథంలోనే ఉంది. వాక్యానుసారమే.

9. అన్నిటికంటే ముఖ్యం, పని తెలిసినవాళ్లని పనికి దూరంగా ఉంచండి. మీ సంఘంలో వెతకండి, తప్పకుండా ఉంటారు. మాదాపూర్‌లో మెషిన్ లెర్నింగ్ మోడళ్లు పరీక్షించే అమ్మాయి, ఫోటోలకి లేబుళ్లు పెట్టే డేటా కాంట్రాక్టు కుర్రాడు, డాలస్ నుంచి క్రిస్మస్‌కి వచ్చిన ఇంజినీరు. ఏఐ రోజూ వీళ్ల చేతుల మీదుగానే తయారవుతోంది. తప్పుడు డేటా వెళ్తుంటే ఆపమని చెప్పగల నోరు వీళ్లకే ఉంది. అందుకని ఆ అమ్మాయికి పాటల స్లైడ్లు అప్పగించండి. కుర్రాడిని మైకు దగ్గర కూర్చోబెట్టండి. డాలస్ ఆయన చేత ప్రహరీ గోడకి కానుక ప్రకటింపజేయండి.

ఒకసారి ఆ అమ్మాయి సాక్ష్యం చెప్తానని లేచింది. ఆఫీసులో ఒక మోడల్ కొన్ని ఇంటిపేర్లు కనబడితే మార్కులు తగ్గించేస్తోందని గమనించిందట, మేనేజరుకి రాసిందట, తిట్లు తిన్నదట, మళ్లీ రాసిందట. అదేం సాక్ష్యం? స్వస్థత లేదు, వీసా లేదు. రెండు నిమిషాలకే మేము కీబోర్డ్ వాయించడం మొదలుపెట్టాం. సోమవారం సంగతులు ఆదివారం ఎత్తకూడదని తర్వాత నేనే సున్నితంగా చెప్పాను. సరే అంకుల్ అంది. స్లైడ్లు బాగా చేస్తుంది.

10. మామ్మగారి విషయంలో అప్రమత్తంగా ఉండండి. ప్రతి సంఘంలోనూ ఇలాంటి మనిషి ఒకరుంటారు, ఈ చిట్కాలన్నిటికీ అడ్డం ఆవిడే. తుంటి విరిగిన తాతగారికి కమిటీ తరఫున యంత్రం ప్రార్థన పంపాం కదా, దాని రిపోర్టు కోసం మూడో రోజు నేను ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. మగవాళ్ల వార్డు చివరి మంచం. మామ్మగారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో అదే బైబిలు, అట్టకి కొత్తగా బ్రౌన్ పేపర్ వేశారు. ఫ్లాస్కు మూతలోకి కాఫీ వొంపి, ఊది, తాతగారి పెదాల దగ్గర పెడుతున్నారు. కాస్త మెడ మీద కారింది, పైటచెంగుతో తుడిచారు. స్లైడ్ల అమ్మాయి గోడకి ఆనుకుని ల్యాప్‌టాప్‌లో ఏదో టైపు చేసుకుంటోంది, రాత్రి కాపలా ఆమెదేనట.

“అయ్యగారు పంపిన ప్రార్థన విన్నారా?” అని అడిగాను, రిపోర్టులో రాయాలి కదా.

“ఈయనకి చెవుడు బాబూ” అన్నారు మామ్మగారు.

వచ్చే నెల కమిటీ ఎన్నికలున్నాయి. మామ్మగారి పేరు ఎవరైనా ప్రతిపాదిస్తే, ఆవిడకి ఫోన్ వాడటం రాదని చెప్పి కొట్టేయండి.